అటక మీది గోనెసంచి

అమ్మీ సుజాతా,

అటక ఖాళీ చేసి పాత సీడీలన్నీ ఆదివారం చెత్త బండికి ఇచ్చేస్తావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఏ డబ్బాలో వెయ్యాలని కూడా అడిగినావంట. మా రోజుల్లో ఇంట్లో కసువంతా గంపకెత్తి బుగ్గవంక గట్టున కుమ్మరించి వచ్చేవాళ్లం, అడిగే పాపాన ఎవరు పోయినారు? నువ్వు అడిగినావని సంతోషపడినా. ఫోను పెట్టేసినాక మాత్రం గుండెలో దడ మొదలైంది.

అడిగినదానికి ముందు చెప్తా. పచ్చ డబ్బా తడి చెత్తకు, నీలం పొడి చెత్తకు, ఎరుపు ప్రమాదమైనవాటికి. సీడీ అంటే పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్, దాని మీద ఊదితే పోయేంత లోహపు పూత. కాబట్టి నీలం. కవర్లూ, పెట్టెలూ అందులోకే. రిమోట్ బ్యాటరీలు ఎరుపులోకి. ప్లేయర్ ఈ-వేస్ట్, అంటే పాత కరెంటు సామాన్ల చెత్త, దాన్ని ఏ డబ్బాలోనూ వెయ్యొద్దు, విడిగా ఇయ్యాల. మిద్దె మీద కాల్చేద్దామని మీ నాయన అంటాడు, ఒప్పుకోవద్దు. చెత్తను బయట కాల్చకూడదని 2016 నాటి చెత్త నిబంధనల్లోనే రాసినారు. పైగా ఆ నల్ల పొగ పీల్చేది మీరే.

ఇంతవరకు ఎవరైనా చెప్తారు. ఇంగ నేను చేసిన పని విను.

ఏడు రోడ్ల దగ్గర నా వీడియో స్టూడియో 2012లో మూసేసినా కదా. మూడు గంటల పెళ్లికి మూడు సీడీలు. ప్రతి పెళ్లికీ ఒక కాపీ నా దగ్గర ఉంచుకునేవాణ్ని, వాళ్లది పోతే మళ్లా అడుగుతారని. మూసే రోజు రెండు సంచులు తేలినాయి. ఊరికే పారేస్తే ఎవరన్నా చూస్తారని ఒక సంచిలోవి ముందరేసుకుని, మధ్యాన్నమంతా కూర్చుని, ఒక్కొక్క సీడీ మీద మేకుతో రెండేసి గీతలు గీసినా. మెరిసే వైపు. తర్వాత కిలోల లెక్కన పాత సామాన్ల అంగడికి తోలినా.

నెల తిరక్కముందే ఒకాయన ఇంటికొచ్చినాడు. ఆయన కూతురి పెళ్లి నేనే తీసినా. ఆ పాప అప్పటికే పుట్టింటికి వచ్చేసింది. వాళ్ల వీధి పిల్లోళ్లకు ఆ సీడీ దొరికింది. టూత్‌పేస్ట్ పెట్టి రుద్ది, టీ అంగట్లో వేసుకుని చూసి నవ్వుకున్నారంట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. సీడీ బల్ల మీద పెట్టి "ఇది నీ రాతే కదా" అన్నాడు. దాని మీద పాప పేరు, నా స్కెచ్ పెన్నుతో, గుండ్రంగా. నీళ్లిచ్చినా, తాగలేదు.

మెరిసే వైపు మందమంతా ఉత్త ప్లాస్టికే అమ్మీ, 1.2 మిల్లీమీటర్లలో దాదాపు అంతా. బొమ్మ ఉండేది పేరు రాసే వైపు, పలచటి వార్నిష్ కింద. పదిహేనేళ్లు ఆ పళ్లేల్లోనే అన్నం తిని, వాటికి ముఖమేదో వీపేదో తెలుసుకోలేదు నేను. డీవీడీది ఇంకో కథ. రెండు పలకలు అతికించి ఉంటాయి, సరుకు నడుమ ఉంటుంది. అందుకే గీతలతో పని కాదు, కత్తిరించాల్సిందే.

వేడినీళ్లలో కాసేపు నానబెట్టి, పాత టవల్ కింద పెట్టి పెద్ద కత్తెరతో కత్తిరించు. చేత్తో విరిస్తే ముక్క కంట్లోకి ఎగురుతుంది. నీకు మీ అమ్మ తొందరే వచ్చింది, అందుకే చెప్తాండా. ముక్కలు పేపర్లో గట్టిగా చుట్టి కట్టు. బండి మీదొచ్చే ఆయమ్మ ఉత్త చేతుల్తో కెలుకుతుంది.

నా దడకు కారణం ఇంకా చెప్పలేదు. రెండో సంచి మీ అటక మీదే ఉంది. మీ అమ్మతో "పాత ఫొటో సామాను" అని అబద్ధం చెప్పి పెట్టినా. అందులో ఎంతమంది ఆడపిల్లల పేర్లు నా రాతలో ఉన్నాయో. దాని మూతి విప్పొద్దు, నేనొచ్చి కూర్చుంటా.

ఆకుపచ్చ ఇంకుతో "సుజాత చెవులు కుట్టడం, దేవుని కడప" అని రాసింది ఒకటి ఉంటుంది. "మెల్లగా రా, బిడ్డ ఏడుస్తాంది" అని మీ అవ్వ కెమెరా వెనకనుంచి నన్ను తిట్టేది వినపడేది అందులో. ఇంట్లో రాసుకున్న సీడీలు ఇన్నేళ్లకు వెలిసిపోతాయి, ఆడుతుందో లేదో.

ఆదివారం బండి రాకముందే వస్తా. కత్తెర నేనే తెస్తా. ప్లేయర్ మాత్రం అప్పటిదాకా ఎవరికీ ఇయ్యొద్దు.

మీ మామ