టైల్స్ యాసిడ్‌తో కడిగాక స్టీలు రెయిలింగుకు తుప్పు ఎందుకు?

గృహప్రవేశానికి ముందు టైల్స్‌ను యాసిడ్‌తో కడిగించారు. వారం తిరక్కుండా మెట్ల రెయిలింగు మీద, వంటింటి సింకు మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. దుకాణదారు నకిలీ సరుకు అంటగట్టాడా అని మీ అనుమానం. మందుల కంపెనీలకు స్టీలు ట్యాంకులు తయారుచేసే వర్క్‌షాపులో నా ఉద్యోగం. నన్నడిగితే, ముందు అనుమానించాల్సింది యాసిడ్‌నే.

స్టెయిన్‌లెస్ స్టీలూ ఇనుమే. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. గాలి తగలగానే దాని ఆక్సైడు పైన పొరగా కట్టుకుంటుంది. మందం రెండు మూడు నానోమీటర్లే. గీత పడినా ఆక్సిజన్ అందితే చాలు, మళ్లీ కట్టుకుంటుంది. టైల్స్ కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం దగ్గర ఈ ఉపాయం పారదు. ఆమ్లం పొరను కరిగిస్తే, అందులోని క్లోరైడు దాన్ని మళ్లీ కట్టుకోనివ్వదు. ‘నేల మీదే పోశాం, రెయిలింగుకు తగల్లేదు’ అంటారు అందరూ. తగలక్కర్లేదు, దాని పొగ చాలు. తలుపులు మూసిన ఇంట్లో ఆ ఆవిరి స్టీలు మీది చెమ్మలో కరిగి అక్కడే యాసిడ్ అవుతుంది. ఇదే ఆమ్లంతో పని ఉంటే మందుల కంపెనీలు తుప్పును ఇంకా బాగా తట్టుకునే 316 రకం స్టీలునూ నమ్మవు, లోపల గాజు పూత ఉండే గ్లాస్ లైన్డ్ రియాక్టర్లే వాడతాయి.

అయితే ఆమ్లాలన్నీ ఒక్కటి కాదు. నైట్రిక్ ఆమ్లం ఆ పొరను ఇంకా గట్టిపరుస్తుంది. పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం తీరు వేరు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు మేం చూపించే తమాషా ఒకటుంది. ఇళ్లలో మామూలుగా వాడే 304 రకం స్టీలు రేకు ముక్కను గోరువెచ్చటి పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచితే కాసేపు ఏమీ తెలియదు. జింకు ముక్క ఆనించగానే పొర తెగిపోతుంది. జింకు తీసేసినా రేకు నుంచి బుడగలు ఆగవు, మెరుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది, ద్రవం మెల్లగా ఆకుపచ్చగా మారుతుంది. కడిగి నైట్రిక్ ఆమ్లంలో వేస్తే బుడగలు ఆగిపోతాయి.

ఇక మీ రెయిలింగు సంగతి. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచినీళ్లతో బాగా తుడవండి. మచ్చలకు గోరువెచ్చటి నీళ్లలో నిమ్మఉప్పు కలిపి రుద్దితే చాలావరకు పోతాయి. ఇనుప పీచు వద్దు, దాని రజను అంటుకుని కొత్త తుప్పు మొదలవుతుంది. బ్లీచింగ్ అసలే వద్దు. అందులోనూ క్లోరినే, పైగా మిగిలిన యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. వేలికి గుంటలు తగిలే చోట మాత్రం బఫింగు, అంటే యంత్రంతో మెరుగు, పట్టించాల్సిందే.

సరుకు మీద అనుమానం తీరకపోతే ‘అయస్కాంతానికి అంటుకోకపోతే మంచి స్టీలు’ అనే పరీక్షను మాత్రం నమ్మకండి. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 202 రకం చవక స్టీలు కూడా దానికి అంటుకోదు. స్టీలు వ్యాపారుల దగ్గర పరీక్ష ద్రావణం ఉంటుంది, చుక్క వేసి చిన్న బ్యాటరీ ఆనిస్తారు. ముదురు ఎరుపు తేలితే మాంగనీసు ఎక్కువ ఉన్న సరుకన్నమాట. అప్పుడు బిల్లు మీద 304 అని రాసి ఉంటే, తిరిగి వెళ్లి అడగండి.