హైదరాబాద్ జట్టు లెక్కలు రాయబోతున్న మా చెల్లెలి కూతురికి

చిరంజీవి బిడ్డకు,

పెద్దమ్మ ఆశీస్సులు. హనుమకొండలో అందరం క్షేమం.

మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్.సి. ఆడిన ప్రతి మ్యాచ్, కొట్టిన ప్రతి గోల్ ఒకచోట చేర్చి తెలుగులో పుస్తకం వేస్తావట. మీ అమ్మ ఫోనులో చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. దాని బాధ పుస్తకం గురించి కాదులే, ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెడతానన్నావని. నాకు మాత్రం గర్వం, గుబులు రెండూ కలిగాయి. రాత్రి నిద్ర పట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు ఆ సెలవు సంగతి తేల్చుకుందాం. నేనే కాగితం తీసుకుని లెక్క కట్టాను. ఇండియన్ సూపర్ లీగ్‌లో మన జట్టు 2019-20 నుంచి 2024-25 వరకు ఆరు సీజన్లు ఆడింది. లీగ్ దశలో మొదటి ఏడాది 18 మ్యాచ్‌లు, తర్వాతి మూడేళ్లు ఇరవై చొప్పున, ఆపైన 22, చివర 24. మొత్తం 124. వాటికి 2022లో రెండు సెమీఫైనళ్లు, ఒక ఫైనల్, 2023లో మళ్లీ రెండు సెమీఫైనళ్లు కలిపితే 129. డ్యూరాండ్ కప్, సూపర్ కప్ లాంటి ఇతర పోటీల మ్యాచ్‌లు వేరే. రాత్రి అన్నం తిన్నాక రోజుకు రెండు మ్యాచ్‌లు రాసుకున్నా, బతుకమ్మ పండుగకు మొదలుపెడితే సంక్రాంతి లోపే ఒడ్డున పడతావు. దీనికి ఆరు నెలల సెలవా? నెల జీతం వదులుకుని చేసే పని మీద నెల తిరగకుండానే విసుగు పుడుతుంది. సెలవు కాగితం ఇంకా ఇవ్వకపోతే చింపేయి. ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకో.

కంప్యూటర్లో పట్టిక వేసుకో, దాని నకలు వేరేచోట దాచుకో, ఏ రోజు పని ఆ రోజే ముగించు. ఇవి నీకు నేను చెప్పాలా!

చెప్పవలసింది మీ పెద్దనాన్న నోటుబుక్కు సంగతి. నీకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆయన కాజీపేటలో ఉద్యోగం చేసే రోజుల్లో వాళ్ల జట్టు లెక్కలన్నీ ఆయన దగ్గరే ఉండేవి. నల్ల అట్ట పుస్తకం, ఒక్కో ఆటగాడికి ఒక్కో పేజీ. ఆట ముగించుకుని ఇంటికి రాగానే, కాళ్లైనా కడుక్కోకుండా, పాత సంఖ్య కొట్టేసి పక్కన కొత్త సంఖ్య వేసేవారు. ముప్పై ఒకటి కొట్టేసి ముప్పై మూడు. అంతే. ఆ రెండు గోల్స్ ఏ ఊళ్లో, ఎవరి మీద, ఏ పోటీలో వచ్చాయో ఎక్కడా ఉండేది కాదు. అడిగితే "అన్నీ నాకు గుర్తే" అనేవారు. అప్పటికే నేను గ్రంథాలయంలో చేరాను. మా రిజిస్టర్లో ప్రతి పుస్తకానికీ ఒక నంబరు, ఒక వరుస. పుస్తకం పోయినా, చెదలు తిన్నా ఆ వరుస చెరిపేయం, పక్కన కారణం రాస్తాం. మొత్తం ఎన్ని పుస్తకాలని ఎవరైనా అడిగితే వరుసలు లెక్కపెట్టి చెబుతాం. గోల్స్ కూడా అలాగే రాయమని ఆయన వెంటపడ్డాను. "నీ పుస్తకాలు అలమరాలో కూర్చుంటాయి, మా గోల్స్ కూర్చోవు" అని నవ్వేవారు.

ఆ జట్టులో ఎడమవైపు ఆడే స్నేహితుడు ఒకాయన ఉండేవాడు. మా ఇంట్లో సొంత మరిది లాగా తిరిగేవాడు. పండుగకు సకినాలు చేస్తే మొదటి పళ్లెం ఆయనకే పోయేది. ఆయన పదవీ విరమణ సభలో మీ పెద్దనాన్న శాలువా కప్పి, ఎంతో ఆర్భాటంగా నోటుబుక్కు తెరిచి, జీవితంలో కొట్టిన గోల్స్ ఇన్ని అని చదివారు. ఆ సంఖ్య ఆ మనిషి మనసులో ఉన్న లెక్కకు రెండు తక్కువ. ఒకటి ఎదుటి డిఫెండర్ కాలికి తగిలి లోపలికి వెళ్లిందట. ఇంకొకటి వానకు సగంలో ఆగిపోయిన మ్యాచ్‌లోదట. ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవారేమో. ఆయన శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, భోజనాలకు కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు మీ పెద్దనాన్న బుజ్జగించడానికి వెళితే మాట పెరిగింది. నిరూపించు అన్నాడాయన. దేనితో నిరూపిస్తారు? పుస్తకం నిండా కొట్టివేతలే. ఆ రెండు గోల్స్ ఎప్పుడో కలిపారో, అసలు కలపనేలేదో, కలిపి మళ్లీ తీసేశారో తేలే దారి లేదు. ఆపైన ఇద్దరూ ఒకే దుకాణం ముందు ఎదురుపడినా ముఖాలు తిప్పుకున్నారు. ఆయన పోయినప్పుడు మీ పెద్దనాన్న వెళ్లి గుమ్మం బయటే నిలబడి వచ్చారు. అంతటి స్నేహం రెండు అంకెల దగ్గర తెగిపోతుందని నేను అనుకోలేదు. ఇప్పటికీ ఆ పుస్తకం నా పెట్టెలోనే ఉంది. చూస్తే ఒళ్లు మండుతుంది, పారేయడానికి చేతులు రావు.

కాబట్టి, బిడ్డా, మొత్తాలు నువ్వు చేత్తో రాయవద్దు. ఒక్కో మ్యాచ్‌కు ఒక వరుస రాయి. తేదీ, మైదానం, పోటీ, దశ, ఎదుటి జట్టు, గోల్ వచ్చిన నిమిషం, కొట్టినవాడు, ఆ సమాచారం ఎక్కడ దొరికిందో. మొత్తాలు ఆ వరుసల్లోంచి వాటంతట అవే రావాలి. ఎవరైనా వచ్చి నీ సంఖ్య తప్పంటే కోపం తెచ్చుకోకు, ఏ మ్యాచ్‌లో తప్పో చూపించమను.

ఏ గోల్ ఎవరిదన్న నియమాన్ని పుస్తకం మొదట్లోనే రాసిపెట్టు. గోల్ వైపు వెళుతున్న బంతి డిఫెండర్‌కు తగిలి లోపలికి పోతే అది కొట్టినవాడిదే. పక్కకు పోయే బంతిని డిఫెండర్ లోపలికి నెడితే సొంత గోల్. ఆ పూట ఈ ఒక్క మాట కాగితం మీద ఉండి ఉంటే సగం గొడవ తప్పేది.

దశ ఎందుకు రాయాలంటావేమో. మన జట్టుకు గోల్స్ కొట్టిన ఒగ్‌బెచెనే చూడు. 2021-22లో 18 గోల్స్‌తో, అందరికంటే ఎక్కువ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ అందుకున్నాడు. అందులో ఒకటి సెమీఫైనల్లో మోహన్ బగాన్ మీద కొట్టినది. లీగ్ దశ వరకే లెక్కవేసేవాడు 17 అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. దశ అన్న గడి ఉంటే ఇద్దరికీ జవాబు దొరుకుతుంది. మరుసటి ఏడాది పది కొట్టాడు, మన జట్టుకు మొత్తం 28. అంతకుముందు ఈశాన్య జట్టుకు, కేరళకు, ముంబయికి కొట్టినవి కూడా కలిపితేనే లీగ్‌లో ఆయన 63 అవుతాయి. ఆ 63 మన పుస్తకంలోకి రాకూడదు.

ఇక ఫైనల్. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా. కేరళ తరఫున రాహుల్ 68వ నిమిషంలో కొట్టాడు, మన సాహిల్ తవోరా 88వ నిమిషంలో సమం చేశాడు. అదనపు సమయంలోనూ తేలక పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, మనం 3-1తో గెలిచాం. ఆ రాత్రి మీ పెద్దనాన్న ఉండి ఉంటే వీధి వీధంతా లేపేవారు. నేను ఒక్కదాన్నే టీవీ ముందు చప్పట్లు కొట్టుకున్నాను. ఇంత సంబరం చేసుకున్నా, నీ పట్టికలో మాత్రం అది 1-1 డ్రా. షూటౌట్‌లో కొట్టినవి ఎవరి గోల్స్ ఖాతాలోకీ వెళ్లవు, విజేత ఎవరన్నది పక్క గడిలో ఉంటుంది. అభిమానంతో దాన్ని గెలుపుల్లో వేశావనుకో, పక్క ఏడాది సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో షూటౌట్‌లో పోయినదాన్ని ఓటముల్లో వేయాల్సి వస్తుంది. అప్పుడు చేయి ఆడదు.

సొంత మైదానం అన్న గడి కూడా జాగ్రత్తగా చూసుకో. 2020-21, 2021-22 సీజన్లు కరోనా వల్ల మొత్తం గోవాలోనే జరిగాయి. జట్టు ఛాంపియన్ అయిన ఏడాది తన సొంత మైదానం గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కాగితం మీద సొంత మ్యాచ్ అని ఉంటుంది, ఆడింది గోవాలోని ఖాళీ గ్యాలరీల ముందు. వాటిని గచ్చిబౌలి లెక్కలో కలిపితే ఆ మైదానం చరిత్రే తారుమారవుతుంది. ఆ మ్యాచ్‌లకు తటస్థ వేదిక అని మూడో రకం పెట్టుకో.

గెలిచిన ఏడాదిని ఎవరైనా శ్రద్ధగా రాస్తారు. నేను నీ పనితనం చూసేది ఓడిన ఏడాదుల్లో. మొదటి సీజన్లో రెండే గెలుపులు, 12 ఓటములు, పది పాయింట్లు, అట్టడుగు స్థానం. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు, ఎనిమిది పాయింట్లు, మళ్లీ అట్టడుగు. మధ్యలో మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చిన తొలి ఏడాది 20 మ్యాచ్‌ల్లో 11 డ్రాలు. డ్రాలంటే చులకన చేయకు. అంతకుముందు ఏడాది 12 ఓడిన జట్టు ఆ ఏడాది ఓడినవి మూడే. తర్వాతి ఏడాది కప్పు అక్కడి నుంచే మొదలైంది.

క్లబ్ ఢిల్లీకి వెళ్లి 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిందని నీకు కోపం. నాకూ కోపమే. ఆ కోపం లెక్కల్లోకి రానీయకు. ముందు 2019లో పుణే సిటీ జట్టు మూతపడితేనే ఆ చోటు మనకు దొరికింది. పుణే గోల్స్ మన ఖాతాలో వేసుకోనప్పుడు, ఢిల్లీవి కూడా మనకు వద్దు. ఆరు సీజన్ల దగ్గర గీత గీసేయి. పాతకాలపు పోలీసు జట్టు సంగతి వేరు. కోచ్ రహీం గారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ పోటీ గెలిచింది. రాష్ట్రం మారాక అదే ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. శాఖ అదే, ఊరు అదే, మనుషులూ చాలామంది వాళ్లే. అక్కడ వరుస తెంచకూడదు, పేరు మారిన చోట ఒక గుర్తు పెడితే చాలు. రెండో పుస్తకం దాని మీద వేస్తానన్నావట, అది ఇప్పుడే ఎత్తుకోకు. పాత పత్రికల్లో ఒకే మనిషి పేరు మూడు రకాలుగా ఉంటుంది, ఇద్దరు అజీజ్‌లు ఒకరైపోతారు. ఆ రోజుల్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 70 నిమిషాలవి, ఇప్పటి నిమిషాలతో పోల్చడానికి వీల్లేదు. దొరకని చోట గడి ఖాళీగా వదిలేయాలి, సున్నా వేయకూడదు. సున్నా అంటే గోల్ లేదని అర్థం, ఖాళీ అంటే మనకు దొరకలేదని అర్థం.

పాత పత్రికల కట్టలు విప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో. నీకు చిన్నప్పటి నుంచి ఆయాసం. ఆ దుమ్ము ఎలాంటిదో నా ఊపిరితిత్తులను అడుగు. అవసరమైన ముక్క బ్లేడుతో కోసుకుపోయే పెద్దమనుషులు ఉంటారు, నువ్వు ఆ పని చేశావని తెలిస్తే మా ఇంటి గడప తొక్కనివ్వను. హైదరాబాద్ వెళితే చీకటి పడకముందే కాజీపేట చేరే బండి ఎక్కు. ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఏం తెలుసని ఎవడో ఒకడు అంటాడు. అన్నవాడిని కూర్చోబెట్టి ఒగ్‌బెచె గోల్స్ ఎన్నో అడుగు, 17 అన్నా 18 అన్నా ఎందుకో చెప్పమను.

మొదటి సీజను 18 వరుసలు పూర్తికాగానే కాగితం మీద అచ్చు తీసి పంపు. ఫోనులో పంపితే నా కళ్లకు ఆనవు. మ్యాచ్ పక్కన ఏ పత్రిక చూసి రాశావో లేకపోతే ఆ వరుస చదవను, అలాగే వెనక్కి పంపుతాను. సెలవు మానుకున్నానని మీ అమ్మకు నువ్వే చెప్పు, నా పేరు ఎత్తకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ