పాపాన్ని గురించి, కృపను గురించి రాయబోయే తమ్ముడికి

ప్రియ తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. నీవు పంపిన కథనూ, దానికి జతచేసిన వ్యాసాన్నీ శ్రద్ధగా చదివాను. నీ వాక్యం శుభ్రంగా ఉంది, పాత్రలను చూసే చూపులో దయ ఉంది. నేను చెప్పదలచినది కథ నడిచిన వరుసను గురించి. నీ కథానాయకుడు తాగుడు మానేశాడు, అప్పులు తీర్చాడు, భార్యను క్షమాపణ అడిగాడు. ఇవన్నీ అయిన తర్వాతనే దేవుడు అతన్ని చేర్చుకున్నట్టు రాశావు. ఒక మనిషి బాగుపడిన కథగా అది మంచి కథే. కానీ నీ వ్యాసం ప్రకటించిన సువార్త అది కాదు. సువార్తలో చేర్చుకోవడం ముందు జరుగుతుంది, మారడం దాని వెంట వస్తుంది.

‘మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను’ అని అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఐదవ అధ్యాయంలో అంటాడు. మనకు యోగ్యత వచ్చేదాకా ఆగి, వచ్చాక మెచ్చుకున్న ప్రేమ కాదది. లూకా సువార్తలో జక్కయ్యను చూడు. నేడు నీ యింట ఉండవలసియున్నదని యేసు చెట్టుమీదనున్న ఆ సుంకరిని, అంటే పన్నులు వసూలు చేసేవాణ్ణి, పిలిచేటప్పటికి అతడు ఎవరికీ ఏమీ తిరిగి ఇవ్వలేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తాననడం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు చెల్లిస్తాననడం ఆ పిలుపు తర్వాతి మాటలు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో ఇది ఇంకా సూక్ష్మంగా కనిపిస్తుంది. పందుల దగ్గర కూర్చున్నప్పుడు ఆ కుమారుడు తండ్రితో చెప్పవలసిన మాటలను ముందే సిద్ధం చేసుకుంటాడు: నేను పాపం చేశాను, నీ కుమారుడనని అనిపించుకొనే యోగ్యత నాకు లేదు, నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకో. కానీ అతడు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తి వచ్చి మెడమీద పడి ముద్దుపెట్టుకుంటాడు. కొడుకు మొదటి రెండు మాటలూ చెబుతాడు, మూడవది అతని నోట రాదు, ఎందుకంటే అప్పటికే తండ్రి ప్రశస్త వస్త్రం తెమ్మని దాసులకు ఆజ్ఞ ఇస్తున్నాడు. కూలి చేసి స్థానం సంపాదించుకుంటానన్న ప్రతిపాదనకు ఆ ఇంట్లో చోటే లేకపోయింది. మన మనసు సులభంగా రాసేది కూలివాడి కథను. నీ కథలోనూ అదే చొరబడింది.

ఇక పాపాన్ని చిత్రించిన తీరు. నీ వ్యాసంలో పాపమంటే తాగుడు, జూదం, వ్యభిచారం, దొంగతనం. జాబితా అబద్ధం కాదు కానీ, దాన్ని చదివే సగటు విశ్వాసి తనను తాను అందులో ఎక్కడా కనుగొనడు, పైగా కాస్త ఊరట కూడా పొందుతాడు. పౌలుకు ఈ సంగతి బాగా తెలుసు. రోమా పత్రిక మొదటి అధ్యాయంలో అతడు లోకపు దుష్టత్వాన్ని వరుసగా ఎత్తిచూపుతుంటే చదువరి తల ఊపుతూ పోతాడు. రెండవ అధ్యాయం మొదటి వచనంలోనే, తీర్పు తీర్చే మనుష్యుడా, నీవు దేని విషయంలో ఎదుటివానికి తీర్పు తీరుస్తున్నావో దాని విషయంలో నీవే నేరస్థుడవని అతనివైపు తిరుగుతాడు. మూడవ అధ్యాయంలో ‘అందరును పాపముచేసి’ అనే మాట వచ్చేసరికి తప్పించుకునే దారి ఉండదు. రచనాశిల్పంగా కూడా నీవు ఆ మూడు అధ్యాయాలను మళ్లీ మళ్లీ చదవాలి. ఎదుటివాని పాపంతో మొదలైన వాక్యం చదువరిదాకా, అతని వెంట రాసినవాడిదాకా రావలసిందే.

పాపం చేతలకంటే లోతైనదని చెప్పడానికి ప్రాచీన సంఘపు బిషప్పు అగస్టీను ‘ఒప్పుకోలు’ అనే తన ఆత్మకథలో ఒక చిన్న సంఘటనను ఎంచుకున్నాడు. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి పక్కతోటలోని బేరిపండ్లు దొంగిలించాడు. ఆకలి లేదు, ఇంట్లో అంతకంటే మంచి పండ్లున్నాయి, దొంగిలించినవి చాలావరకు పందులకు పారేశారు. తప్పు చేయడంలోని రుచే తనను లాగిందని ఆయన తేల్చుకుంటాడు. పెద్ద నేరాలు ఎంచుకోకుండా ఇంత చిన్నదానిమీద అన్ని పుటలు వెచ్చించడమే ఆయన గొప్పతనమని నా అభిప్రాయం, ఎందుకంటే చిన్న పాపానికి సాకులు దొరకవు, వంకరపోయిన ప్రేమ ఒక్కటే మిగులుతుంది. యేసు చెప్పిన ఉపమానంలో దేవాలయంలో ప్రార్థించిన పరిసయ్యుణ్ణి, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే ఆ మనిషిని, కూడా గుర్తుచేసుకో. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనంతటిలో పదోవంతు. అతడు అబద్ధమాడుతున్నాడని కథ ఎక్కడా అనదు, పైగా దేవునికి కృతజ్ఞత కూడా చెబుతున్నాడు. అయినా నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లినవాడు, దూరంగా నిలిచి రొమ్ము కొట్టుకున్న సుంకరి. మంచితనం లోపల దాగిన పాపాన్ని రాయగలిగిననాడు నీ కలానికి బలం వచ్చినట్టు.

ఇక్కడొక హెచ్చరిక తప్పనిసరి. మనిషి పాపి అన్న సత్యం, మనిషి దేవుని స్వరూపమందు సృజింపబడినవాడన్న సత్యం తర్వాత వస్తుంది, దాన్ని రద్దు చేయదు. కష్టంలో ఉన్నవారి కష్టానికి వారి పాపమే కారణమని ఎన్నడూ రాయకు. పుట్టుగుడ్డివాణ్ణి చూపి ఎవరు చేసిన పాపమిదని శిష్యులు అడిగితే యేసు ఆ లెక్కనే తోసిపుచ్చాడు. అలాగే దెబ్బతిన్నవారిని తొందరపెట్టి క్షమింపజేసి కథ ముగించకు. నీ కథలో భార్య ఒక్క పేరాలో భర్తను క్షమించేసింది. ఆమె పడినదానికి ఆ పేరా చాలదు.

కృపను చౌకచేయకూడదన్న నీ భయం నాకు అర్థమవుతోంది, నీవు వరుస మార్చింది కూడా బహుశా ఆ భయంతోనే. కృప విస్తరించాలని పాపంలో నిలిచివుందామా అన్న ప్రశ్నను పౌలే వేసుకొని, అట్లనరాదని తోసిపుచ్చాడు. 1937లో హిట్లరు పాలన కింద రాసిన గ్రంథంలో జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ శిష్యత్వం లేని కృపను, సిలువ లేని కృపను చౌకబారు కృప అని నిలదీశాడు. అయితే ఆ భయానికి విరుగుడు కృపకు ముందు షరతులు పెట్టడంలో లేదు, దాని వెల ఎవరు చెల్లించారో చూపడంలో ఉంది. ఎఫెసీయుల పత్రిక రెండవ అధ్యాయంలో ‘విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు’ అన్న ఎనిమిదవ వచనాన్ని మనం తరచుగా ఉదహరిస్తాం, సత్‌క్రియలకోసమే మనం క్రీస్తులో సృష్టింపబడ్డామన్న పదవ వచనాన్ని వదిలేస్తాం. ఆ రెండింటినీ కలిపి చదివితే క్రియలు రక్షణకు మూలంగా కాక దాని ఫలంగా కనిపిస్తాయి.

ఫలానికి కాలం పడుతుంది. కృపను పాడిన ప్రఖ్యాత ఆంగ్ల కీర్తన రచయిత జాన్ న్యూటన్ జీవితాన్ని సాక్ష్యాలలో ఎంత తొందరగా చెబుతారో నీవు వినే ఉంటావు: తుఫాను వచ్చింది, మొరపెట్టాడు, బానిసల వ్యాపారం మానేశాడు. జరిగినది అలా కాదు. తుఫాను 1748లో. ఆ తర్వాతే అతడు బానిసల ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1754లో అనారోగ్యం వల్ల సముద్రయానం మానాడు. ఆ వ్యాపారంలో తన భాగాన్ని ఒప్పుకొని దానికి వ్యతిరేకంగా పుస్తకం ప్రకటించింది 1788లో. నలభై ఏళ్లు. ఆ మధ్యకాలంలో సంకెళ్లలో ఉన్న మనుషులను మరచి ఆ కథను చెప్పే హక్కు మనకు లేదు. నిజమైన వరుసలో చెప్పినప్పుడు కృప చిన్నబోదు. అంత గుడ్డితనాన్ని కూడా విడువక పట్టుకున్నదిగా కనిపిస్తుంది.

వ్యాసంలో ఒక వాక్యాన్ని మాత్రం కొట్టివేయి: కతోలికులు క్రియలవల్ల రక్షణ అని బోధిస్తారన్నది. 1547లో కతోలిక సంఘపు ట్రెంటు మహాసభ, క్రీస్తు ద్వారా వచ్చే దేవుని కృప లేకుండా మనిషి తన క్రియలతో నీతిమంతుడు కాగలడనే బోధను మొదటి నియమంలోనే ఖండించింది. ప్రొటెస్టంటు సంస్కర్త లూథరుకూ రోముకూ మధ్య భేదాలు నిజమైనవే, కానీ అవి వేరొకచోట ఉన్నాయి. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో లూథరన్, కతోలిక సంఘాలు నీతిమంతులుగా తీర్చబడుటను గూర్చి ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు ఆదాము నుండి మనకు సంక్రమించినది అపరాధం కంటే మరణమూ క్షయమూ అని నొక్కిచెబుతాయి. ఎదుటివారి నమ్మకాన్ని వారు ఒప్పుకునే మాటల్లో చెప్పిన తర్వాతే విభేదించు.

కథను తిరగరాసేటప్పుడు ప్రార్థన సన్నివేశాన్ని అతడు ఇంకా తాగుతున్న రాత్రులలో ఒకదానికి మార్చి చూడు. ఆ తర్వాత అతడు మళ్లీ ఒకటి రెండుసార్లు పడిపోతే పడనివ్వు. ఇంకొక మాట: ఇన్నేళ్లూ ఇంటిని మోసిన అతని అక్క నీ కథలో రెండు వాక్యాలకే పరిమితమైంది. ఉపమానంలోని పెద్దకుమారుడు బయటనే నిలబడి కోపంతో మాట్లాడతాడు, తండ్రి బయటికి వచ్చి అతన్ని బతిమాలుతాడు, అతడు లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు. ఆ అక్కకు కూడా కోపం రావాలి, ఆమె కోపంలో న్యాయం ఉండాలి, ఆమె దగ్గరికి ఎవరైనా రావాలి. ఎవరు వస్తారో, ఏం చెబుతారో ఆలోచించి రాయి. రాశాక నాకు పంపు.

ప్రేమతో,
మీ అన్న