మీ అత్తింటి ముత్తవ్వ కథ రాసేముందు

అమ్మలూ,

మీ ఆయన వాళ్ల నాయనమ్మకి నాయనమ్మ 1870ల్లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రానికి వెళ్లి, గడ్డివేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లల ఇంట్లో పిల్లల్ని పెంచిందట కదా, ఆవిడ కథ రాస్తానన్నావు, చాలా సంతోషం. ఇలాంటి పని నేను కొన్ని కుటుంబాలకి చేసిపెట్టాను కాబట్టి గట్టిగా చెబుతున్నా, ఆ కాలం కాగితాల్లో చాలాచోట్ల మొగుడి పేరే ఉంటుంది, పత్రికల్లోనూ ఆవిడ ఫలానా వారి మిసెస్ మాత్రమే. అందుకని ఆవిణ్ణి పిల్లల వైపు నుంచి వెతుకు.

ముందు 1900 జనాభా లెక్కలు తియ్యి. ఫ్యామిలీసెర్చ్ అని పూర్వీకుల వివరాలు వెతికే వెబ్‌సైట్ ఉంది, అందులో ఉచితంగా చూడొచ్చు. ఆ ఏడాది ప్రతి తల్లినీ ఎంతమంది పిల్లల్ని కన్నావు, ఎంతమంది బతికున్నారు అని అడిగి పక్కపక్కనే రాశారు. తొమ్మిది, ఆరు అని కనబడిందనుకో, ఆ ముగ్గురూ ఎవరో, ఎప్పుడు పోయారో తెలుసుకోకుండా ఆవిడ కథ రాయకు. 1880లో అయితే అంతకుముందు ఏడాదిలో పోయినవాళ్ల జాబితా విడిగా ఉంది, పేరు, వయసు, దేనివల్ల పోయారో కూడా రాశారు. ఊరి శ్మశానంలో చిన్న రాళ్లు కూడా చూడు. 1890 లెక్కలు దొరకవు, 1921 అగ్నిప్రమాదంలో చాలావరకు పాడై, చివరికి దాదాపు అన్నీ పోయాయి, దానికోసం టైమ్ పాడుచేసుకోకు.

పుట్టింటి ఇంటిపేరు కావాలంటే ఆవిడ పిల్లల డెత్ సర్టిఫికెట్లు చూడు, తల్లి పుట్టింటి పేరు అందులో రాస్తారు. ఆ పేరు తెలిశాక 1850, 1860 లెక్కల్లో చిన్నపిల్లగా కనబడొచ్చు. బానిసల్ని మినహాయిస్తే ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లోనే మొదలైంది.

ఇక భూమి ఫైలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ప్రభుత్వ భూమి 160 ఎకరాలు తీసుకుని అయిదేళ్లు సాగు చేసినవాళ్లు చివర్లో సాక్షులతో సహా వాంగ్మూలం ఇవ్వాలి. ఇల్లు ఎంత పొడవు, ఎన్ని ఎకరాలు దున్నారు, బావి ఉందా, పిల్లలెందరు, అన్నీ అందులో దొరుకుతాయి. పెళ్లయిన ఆడవాళ్లు మామూలుగా సొంతంగా దరఖాస్తు పెట్టుకోలేకపోయేవారు, కానీ భర్త మధ్యలో పోతే భార్యే పూర్తి చేసేది, అప్పుడు ఆవిడ సంతకమో వేలిముద్ర బదులు గీసిన గుర్తో నీ కళ్లబడుతుంది. భర్త అమెరికా అంతర్యుద్ధంలో (సివిల్ వార్) ప్రభుత్వ సైన్యంలో పనిచేసి ఉంటే వితంతు పెన్షన్ ఫైలు కూడా అడుగు, పెళ్లికి రుజువుగా బైబిల్లోంచి చింపిన పేజీలే జతచేసినవాళ్లున్నారు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకు. ఆ నేల ఖాళీగా పడి లేదు, పానీలనే అమెరికా మూలవాసులు, ఇంకా ఇతర తెగలవాళ్లు తిరిగిన నేల, 1870ల్లోనే పానీల్ని ఇండియన్ టెరిటరీకి, అంటే ఇప్పటి ఓక్లహోమాకి, తరలించారు. ఆవిడ కష్టం నిజం, ఇదీ నిజమే, రెండూ రాయి. అలాగే కాగితంలో లేని మాటలు ఆవిడ నోట్లో పెట్టకు.

మీ అత్తగారి వైపు పెద్దవాళ్లెవరైనా ఉంటే ఈ నెలలోనే వెళ్లి కూర్చో, పాత ఫొటోల వెనక రాసినవి ఫోన్లో తీసుకో. 1900 పేజీ దొరకగానే నాకు పంపు, ఆ చేతిరాత అర్థం కాకపోతే ఇద్దరం కలిసి చదువుదాం.

మీ పెద్దమ్మ