సుంకి ఘాట్‌లో అంబాసిడర్ మరిగిపోతుంటే థర్మోస్టాట్ తీసేయాలా?

వద్దు. మీది 1489 సీసీ పెట్రోల్ బండి, కోరాపుట్‌లో తిరిగినంతసేపూ బాగుంటుంది, సాలూరు నుంచి సుంకి ఎక్కేటప్పుడే వేడి చూపే ముల్లు లేస్తోంది అన్నారు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వని కవాటమే థర్మోస్టాట్. దాన్ని గిన్నెడు నీళ్ళలో వేలాడదీసి కాచండి. 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటే దాని తప్పేం లేదు. దాన్ని తీసేస్తే సెమిలిగుడ చలిలో ఇంజన్ వేడెక్కక పెట్రోల్ తాగుతుంది. ఘాట్‌లో మరగడం మాత్రం ఆగదు.

ఎక్కుడులోనే మరుగుతోందంటే ముందు రేడియేటర్‌నే అనుమానించాలి. బోరు నీళ్ళు పోస్తే ట్యూబుల్లో సున్నం కడుతుంది. వేడి మీద ఇంజన్ ఆపి, ఫ్యాన్ నిలిచాక, కోర్ (రేడియేటర్ ట్యూబులు, రేకులు ఉన్న నడిమి భాగం) దగ్గరగా చెయ్యి ఆడించండి. చల్లగా తగిలిన చోట ట్యూబులు మూసుకున్నట్టే. ముదిరిన సున్నం పొడులకు లొంగదు. రేడియేటర్ ట్యాంకు టంకం ఊడదీయించి రాడ్ కొట్టించాలి, అంటే ట్యూబుల్లో సన్నని కడ్డీ దూర్చి సున్నం రాల్పించాలి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. బ్లాకులో తుప్పు బురద అలాగే ఉండి, కడిగిన రేడియేటర్‌ను మళ్ళీ నింపేస్తుంది. బ్లాకు పక్కనున్న డ్రెయిన్ కుళాయి తెరిచినా నీళ్ళు రాకపోతే కుళాయే విప్పి తీగతో పొడవండి, తేట నీళ్ళు వచ్చేదాకా పైపుతో కడగండి.

తర్వాత కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. 900 మీటర్ల ఎత్తులో ఉత్త నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి, అందుకే రేడియేటర్ మూతను చిన్నచూపు చూడకూడదు. అది పట్టి ఉంచే ప్రెషర్‌లో ఒక్కో పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి ఒక పౌండు) మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. మూతలోని రబ్బరు ఎండితే ఆ లాభం పోయినట్టే. అలాగని బండికి ఇచ్చినదానికంటే ఎక్కువ ప్రెషర్ మూత వేస్తే పాత టంకాలు కారతాయి.

ఫ్యాన్ బెల్టు నొక్కితే అర అంగుళం దిగాలి. రేస్ చేసినప్పుడు కింది హోస్ చప్పబడితే మార్చేయండి. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి ఉంటే మంట ఆలస్యంగా ముగిసి, ఆ వేడంతా ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉన్న నీళ్ళకు ఎక్కుతుంది, అదీ చూపించండి. చల్లని ఇంజన్‌ను మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తున్నాయా? అయితే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) సంగతి ముందు తేల్చుకోండి.

ఘాట్‌లో ముల్లు లేస్తే మూడో గేరులో ఈడ్చకండి. రెండులో వేస్తే పంపు, ఫ్యాన్ రెండూ జోరుగా తిరుగుతాయి. నీళ్ళు పొంగితే మాత్రం ఆపేయండి. అరగంటైనా చల్లారనిచ్చి, తడి గోనె మూత మీద కప్పి, కొద్దికొద్దిగా తిప్పండి. కాలుతున్న బ్లాకులో చన్నీళ్ళు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది.