నడుం నొప్పి కన్నా ముందు ఆ మాత్రల సంగతి చూడాలి

ప్రశ్న: నా వయసు 41. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, ఐటీ ఉద్యోగం. నాలుగు నెలల క్రితం నడుములో డిస్క్ జారి, ఎడమ కాలి దాకా నొప్పి మొదలైంది. ఆపరేషన్ అవసరం లేదన్నారు. ఫిజియోథెరపీ చేయించుకుంటున్నాను. నాలుగు రోజులు బాగుంటే మళ్లీ మొదటికొస్తోంది. ఎవరిని అడిగినా ఓపిక పట్టమంటున్నారు. విసుగుతో ఇంట్లోవాళ్ల మీద అరుస్తున్నాను. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. ఆఫీసు కోసం రోజూ ఒక నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. ఈ ఎదురుచూపును తట్టుకునేదెలా?

జవాబు: మీరు అడిగింది ఓపిక గురించే అయినా, చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన నొప్పి మాత్ర గురించే నేను ముందుగా మాట్లాడాలి. అది ఏ మాత్రో, ఎవరు రాశారో మీరు చెప్పలేదు. మందుల షాపులో నడుం నొప్పి అనగానే చాలాసార్లు చేతిలో పెట్టేది ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన మాత్ర, లేకపోతే డైక్లోఫెనాక్. సాధారణంగా కొద్ది రోజులకు రాసే ఇటువంటి మందులను పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు, బీపీ పెరగవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. టెల్మిసార్టాన్ వాడేవారిలో కిడ్నీలకు ముప్పు ఇంకా ఎక్కువ. ఆ బీపీ మాత్రలోనే క్లోర్‌థాలిడోన్ వంటి మూత్రం పెంచే మందు కూడా కలిసి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాం కదా అని కొందరు ధీమాగా చెబుతారు గానీ, అది కాపాడితే కడుపును కాపాడుతుంది, కిడ్నీలను కాదు. చదువుకున్నవారు కూడా షాపు కౌంటరు దగ్గరే వైద్యం చేయించుకోవడం నాకు రోజూ కనిపించే విషయమే.

మీ నొప్పి మళ్లీ మళ్లీ తిరగబెట్టడానికీ ఈ మాత్ర కొంత కారణం కావచ్చు. మాత్ర ప్రభావంతో హాయిగా అనిపించిన రోజున ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటల తరబడి కూర్చుని, ఇంటికి రాగానే 20 లీటర్ల నీళ్ల క్యాను ఎత్తితే, మర్నాడు మంచం దిగలేరు. బాగున్న రోజున ఎక్కువ, బాగాలేని రోజున అసలేమీ చేయకపోవడం కాకుండా, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో నడిచి, వారానికి కొద్దికొద్దిగా పెంచండి. నొప్పి ఎంత ఉందని కాక, ఎన్ని నిమిషాలు కూర్చోగలిగారు, ఎంత దూరం నడవగలిగారు అన్నది రాసుకుంటే మెరుగుదల కనిపిస్తుంది.

డిస్క్ సమస్య చాలామందిలో 6 నుంచి 12 వారాల్లో కొంతైనా నెమ్మదిస్తుంది. మీకు ఆ గడువు దాటింది కాబట్టి, ఇంకా ఓపిక పట్టే బదులు మళ్లీ పరీక్ష చేయించుకోవడం మంచిది. విసుగు, కోపం గురించి కూడా ఆ డాక్టరుకు దాచకుండా చెప్పండి; దీర్ఘకాలపు నొప్పిలో, నిద్ర చాలనప్పుడు ఇవి సహజమే, వీటికీ చికిత్స ఉంది. మాట్లాడే మనిషి కావాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

పాదం పైకి లేవకపోయినా, మూత్రం ఆగిపోయినా లేదా తెలియకుండా పోతున్నా, మలవిసర్జన మీద అదుపు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. స్వయంగా చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపవద్దు. ఈ వారంలోనే కిడ్నీల పనితీరు తెలియడానికి క్రియాటినిన్, పొటాషియం, రక్తం తగ్గిందేమో చూడటానికి హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకుని, మీరు వాడుతున్న మాత్రలన్నిటి స్ట్రిప్పులతో సహా మీ డాక్టరును కలవండి.