మిద్దె తోటలో పూలమొక్కల పేర్లు ఎండకు చెరిగిపోకుండా ఉండాలంటే

మిద్దె మీద అరవై దాకా కుండీలు, ఎక్కువగా గులాబీలు, మందారాలు అన్నారు. ఐస్‌క్రీమ్ పుల్లల మీద, తెల్ల ప్లాస్టిక్ ముక్కల మీద పర్మనెంట్ మార్కర్‌తో పేర్లు రాస్తే వేసవి దాటేసరికి ఏవీ కనబడటం లేదని, వానకు చెరగని మంచి పెన్ను ఏదైనా ఉందా అని అడిగారు. మాది కాకినాడ. మాదీ మిద్దె తోటే, ఎండకు తోడు ఉప్పుగాలి కూడా. ఇక్కడ ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చెబుతాను.

ముందుగా ఒక మాట. మీ పేర్లను చెరిపింది వాన కాదండీ, ఎండ. మార్కర్ సిరా నీళ్లకు బాగానే తట్టుకుంటుంది. దానిలో ఉండే రంగును మాత్రం ఎండలోని అతినీలలోహిత కిరణాలు విరగ్గొట్టేస్తాయి. ఎరుపు త్వరగా వెలిసిపోతుంది, నలుపు ఇంకొంత కాలం ఆగుతుంది, అంతే తేడా. నమ్మకం కుదరకపోతే మీ పాత లేబుల్ ఒకటి మట్టిలోంచి పీకి చూడండి. పైన ఏమీ కనబడదు. అక్షరం కొంచెం మట్టిలోకి దిగి ఉంటే ఆ కింది ముక్క మాత్రం నిన్న రాసినట్టే ఉంటుంది. రోజూ నీళ్లు తగిలేది ఆ కింది భాగానికే కదా! అందుకే ఇంకాస్త ఖరీదైన మార్కర్ కొన్నా పెద్ద లాభం ఉండదు. ఎండకు వెలవని పదార్థంతో రాయాలి, లేదంటే రంగుతో పనే లేకుండా అక్షరాన్ని గీతగా దింపాలి.

ఎండకు వెలవని వాటిలో అన్నిటికంటే చవక పెన్సిల్. నవ్వకండి. పెన్సిల్ ముల్లు గ్రాఫైట్, అంటే కార్బన్. దాన్ని ఎండ ఏమీ చేయలేదు. ఎండబెట్టిన మొక్కల నమూనాలను దాచే హెర్బేరియంల వాళ్లు పొలంలో నమూనాకు కట్టే చీటీ మీద పెన్సిల్‌తోనే రాస్తారు. చిక్కల్లా నున్నటి ప్లాస్టిక్ మీద పెన్సిల్ పట్టకపోవడమే. దానికి గరుకు కాగితంతో నాలుగు సార్లు రుద్దితే సరిపోతుంది. 2బి గానీ 4బి గానీ తీసుకుని గట్టిగా నొక్కి రాయండి. ముక్క మళ్లీ వాడుకోవాలంటే అదే గరుకు కాగితంతో రుద్దితే పాత పేరు పోతుంది.

ఇక ఏ ప్లాస్టిక్ అంటే, పెరుగు డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు కత్తిరించిన ముక్కలు ఒక వేసవికే పెళుసెక్కి, వేలితో తాకితే విరిగిపోతాయి. బంతి నారుకో, చామంతి పిలకలకో ఆ సీజన్ వరకు అవి చాలు. అంతకంటే ఎక్కువ కాలం కావాలంటే ఎలక్ట్రికల్ షాపులో వైర్లు కనబడకుండా గోడకు కొట్టే పీవీసీ కేసింగ్ పట్టీ దొరుకుతుంది కదా, అది కొనండి. దాని పైమూత చదునుగా ఉంటుంది, జానెడు ముక్కలు కోసి ఒక చివర ఏటవాలుగా చెక్కితే మట్టిలోకి సులువుగా దిగుతుంది. ఎండకు కొంచెం పచ్చబడుతుంది గానీ ముక్కలవ్వదు. ఇంట్లో వైరింగ్ పని జరిగితే మిగిలిన ముక్కలు ఎలక్ట్రీషియన్‌ని అడిగి తీసుకోండి, వాళ్లు పారేసేవే.

ఏళ్ల తరబడి ఉండే గులాబీలకు, మందారాలకు, అడీనియంలకు మాత్రం నా ఓటు అల్యూమినియం రేకుకే. అందులో సిరా ఉండదు, రంగు ఉండదు. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే అక్షరం రేకులోకి దిగుతుంది. ఎండ వెలవబెట్టడానికి అక్కడ ఏమీ లేదు. అల్యూమినియానికి గాలి తగలగానే పైన పలచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, ఆ పొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది. మా ఉప్పుగాలికి రేకు మెరుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది, అక్కడక్కడ చుక్కలు కూడా పడతాయి. పేరు మాత్రం చదవగలుగుతాం.

రేకు ఎక్కడిదంటారా? చాలామంది కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించుకోమంటారు. పనికొస్తుంది. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే అల్యూమినియమే. లోపలి వైపు బొమ్మలు ఉండవు కాబట్టి ఆ వైపు రాయాలి. కానీ టిన్ను రేకు మరీ పలచన, గాలికి ముడుచుకుపోతుంది, అంచులు బ్లేడులా ఉంటాయి. పిల్లలు తిరిగే మిద్దె మీద నాకు అది నచ్చదు. దానికంటే మంచి సరుకు ఆఫ్‌సెట్ ప్రెస్సులో దొరుకుతుంది. శుభలేఖలు, కరపత్రాలు అచ్చు వేసే ప్రెస్సులో ఒక పని అయిపోయాక ఆ అల్యూమినియం ప్లేటును పక్కన పడేసి, పోగయ్యాక తూకానికి అమ్మేస్తారు. మందం 0.15 నుంచి 0.3 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. మామూలు కత్తెరకు లొంగుతుంది, అలాగని గాలికి వంగిపోదు. ఒక్క పెద్ద ప్లేటుతో మీ అరవై కుండీలకూ పేర్లు రాసుకుని ఇంకా మిగులుతుంది. పైన అంటిన ఇంకు కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే పోతుంది. తుడిచాక సబ్బు నీళ్లతో కడిగేయండి, లేకపోతే ఆ వాసన ఎంతకీ వదలదు.

రెండు వేళ్ల వెడల్పు, ఎనిమిది సెంటీమీటర్ల పొడవు ముక్కలుగా కోసి మూలలు గుండ్రంగా కత్తిరించండి. రేకు కింద ఏం పెడుతున్నారన్నది ముఖ్యం. బల్ల మీద పెట్టి రాస్తే గీత దిగదు. పాత హవాయి చెప్పు గానీ, నాలుగైదు మడతల వార్తాపత్రిక గానీ కింద వేసుకోండి. మెత్తగా ఉంటేనే అక్షరం లోతుగా పడుతుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్ను అయితే చేతికి మరకలు అంటవు. ఒకసారి రాసిన గీత మీదే ఇంకోసారి నొక్కండి. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఇరుకులో కూడా ఇమిడిపోతాయి గానీ తెలుగులో రాసేటప్పుడు అక్షరం పెద్దదిగా వేసి, ఒత్తులకు కింద చోటు వదలాలి. లేదంటే పై వరస ఒత్తు వెళ్లి కింది వరస తలకట్టు మీద పడి, ఏ మొక్కో పోల్చుకోవడానికి మళ్లీ పువ్వు పూసేదాకా ఆగాలి. నేను పేరు తెలుగులో, రకం ఇంగ్లీషులో రాస్తాను. నంబర్లు మాత్రం హార్డ్‌వేర్ షాపులో దొరికే స్టీలు నంబర్ పంచ్‌లతో సుత్తి దెబ్బ కొట్టి వేస్తాను, అవి ఇంకా స్పష్టంగా వస్తాయి. బోరు నీళ్ల వల్ల రేకు మీద తెల్లటి పెచ్చు కడితే పిండేసిన నిమ్మచెక్కతో రుద్దండి.

రేకు ఎంత గట్టిదైనా, కట్టిన తీగ సరిగా లేకపోతే లేబుల్ పోయినట్టే. ఇళ్ల పనుల్లో ఊచలు కట్టే బైండింగ్ వైరు వాడొద్దు, సముద్రం దగ్గర ఊళ్లలో అయితే అది ఒక వర్షాకాలం కూడా దాటదు. పాత వైర్లలోంచి తీసిన ఒట్టి రాగి తీగ కూడా అల్యూమినియం రేకుకు పనికిరాదు. ఈ రెండు లోహాలు తడిలో, అందులోనూ ఉప్పు తడిలో, ఒకదానికొకటి తగిలి ఉంటే అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. రంధ్రం చుట్టూ తినేసి రేకు ఊడి పడుతుంది. అల్యూమినియం తీగ వాడండి. లేదా ప్లాస్టిక్ తొడుగు తీయని వైరు వాడండి.

ఎక్కడ కట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. గులాబీ కొమ్మకు బిగించి కడితే కొమ్మ లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి దిగి దాన్ని చంపేస్తుంది. వదులుగా కట్టినా ఇంకో తంటా ఉంది. వానలు తగ్గాక కొమ్మలు కత్తిరిస్తాం కదా, అప్పుడు కత్తిరించిన కొమ్మతో పాటు లేబుల్ కూడా చెత్తలోకి వెళ్తుంది. సరిగ్గా అప్పుడే, మోడుల్లా నిలబడ్డ గులాబీలన్నీ ఒకేలా కనబడుతున్న రోజుల్లోనే, పేరు అవసరం. కాబట్టి మొక్కకు కట్టకండి, కుండీకి కట్టండి. ప్లాస్టిక్ కుండీ అయితే అంచుకు చిన్న రంధ్రం వేసి తగిలించండి. సిమెంటు కుండీ అయితే లావు అల్యూమినియం తీగను చేతికర్రలా పైన వంచి, రేకును ఆ వంపుకు చుట్టి మట్టిలో లోతుగా గుచ్చండి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో గుచ్చినవేవీ మిగలవు, అక్కడ రంధ్రం వేసి బిగించడమే దారి.

కుండీకి కట్టే పద్ధతిలోనూ ఒక లోపం ఉంది. కుండీలు మార్చే రోజున నాలుగు మొక్కలు ఒకేసారి నేల మీద ఉంటే ఏది ఎక్కడిదో కలిసిపోతాయి. దానికి విరుగుడుగా ప్రతి కుండీలోనూ రెండో లేబుల్ పాతిపెట్టండి. పీవీసీ ముక్క మీద పేరు రాసి, మొత్తం మట్టిలో మునిగేలా అంచు పక్కన నిలువుగా దించేయడమే. అక్కడ ఎండ తగలదు కాబట్టి మీ దగ్గర మిగిలిన పర్మనెంట్ మార్కర్లన్నీ ఈ పనికి భేషుగ్గా పనికొస్తాయి. పైన ఉన్నది కోతి ఎత్తుకుపోయినా, పిల్లలు ఆటకు పీకేసినా, కింద సాక్ష్యం ఉంటుంది.

దుంపలకు ఈ రెండో లేబుల్ ఇంకా ముఖ్యం. ఫుట్‌బాల్ లిల్లీ ఆకులు ఎండిపోయి మట్టిలోకి వెళ్లిపోతుంది, మళ్లీ వేసవి చివర వానలు పడేదాకా ఆ కుండీ ఖాళీగానే కనబడుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు 'ఇందులో ఏమీ లేదుగా' అని కొత్తిమీర చల్లుతారు, లేదా తవ్వి దుంప తెగ్గొడతారు. డేలియా, గ్లాడియోలస్, కలేడియం, అన్నిటిదీ ఇదే కథ. వీటి పేరు కింద 'దుంప ఉంది, తవ్వొద్దు' అని రాయండి. పేరు కంటే ఆ ముక్కే ఎక్కువ కాపాడుతుంది.

మిగతా పద్ధతుల గురించి క్లుప్తంగా. ఐస్‌క్రీమ్ పుల్లలు మట్టిలో తడికి కుళ్లిపోతాయి, మీరు చూశారు కూడా. లామినేషన్ కాగితం అంచు ఎక్కడో ఒకచోట విడిపోతుంది, నీళ్లు దూరి లోపల బూజు పడుతుంది. పార్సిళ్ల మీద వచ్చే రకం ప్రింటర్ స్టిక్కర్లు అసలే వద్దు, ఆ కాగితం వేడికి నల్లబడేలా తయారుచేసిందే. మే నెల మిద్దె మీద దాని గతేమిటో ఊహించుకోండి. పేరు మీద నెయిల్ పాలిష్ పూయమని చెబుతుంటారు. అది నీళ్లను ఆపుతుంది గానీ ఎండను ఆపదు కదా, కొన్నాళ్లకు పొరలుగా లేచిపోతుంది కూడా. ఆయిల్ పెయింట్ మార్కర్ మామూలు మార్కర్ కంటే చాలా నయం, అందులో ఉండేది కరిగే రంగు కాదు, పొడి రంగు. నలుపు గానీ తెలుపు గానీ తీసుకోండి. మట్టి కుండీ అంచు మీద నంబర్ వేయడానికి నేను దాన్నే వాడతాను.

నేల మీద మల్లె పందిరి, నందివర్ధనం లాంటివి ఉంటే రేకులు కూడా అక్కర్లేదు. వంటింటి గట్టు వేసినప్పుడు మిగిలిన నల్ల కడప బండ ముక్క మీద సన్న కుంచెతో తెల్ల ఎనామిల్ పెయింట్‌తో పేరు రాసి మొక్క మొదట్లో పెట్టండి. చూడటానికి ఇదే అన్నిటికంటే అందంగా ఉంటుంది. కొన్నేళ్లకు పెయింట్ రేగితే దాని మీదే మళ్లీ దిద్దుకోవచ్చు. మరీ ముచ్చటగా కావాలనుకుంటే ఇళ్ల నేమ్‌ప్లేట్లు, రబ్బరు స్టాంపులు చేసే షాపుల్లో రెండు రంగుల పొరల ప్లాస్టిక్ షీటు మీద అక్షరాలు చెక్కిస్తారు. పై పొర చెక్కితే కింది రంగు బయటపడుతుంది కాబట్టి వెలిసేది ఉండదు. అరవైకీ చేయిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఎప్పటికీ మార్చని నాలుగు మొక్కలకు చేయించుకోండి.

ఏం రాయాలో మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను. 'ఎర్ర గులాబీ', 'పసుపు మందారం' అని రంగు మాత్రమే రాస్తే ప్రయోజనం తక్కువ. 'డబుల్ డిలైట్' గులాబీనే తీసుకోండి, 1977లో వచ్చిన రకం. మీగడ రంగు పూరేకులకు ఎర్రటి అంచు. ఆ ఎరుపు ఎంత పాకుతుందన్నది ఎండను బట్టి ఉంటుంది, నీడలో పెడితే వేరే మొక్కేమో అనిపిస్తుంది. కొన్ని మందారాల రంగు కూడా ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా ఉంటుంది. అందుకే నర్సరీలో అడిగి రకం పేరు రాయించుకోండి. కడియం వైపు నర్సరీలకు వెళ్తే, మొక్క ఎంచుకున్నప్పుడే, అది లోడులో మిగతావాటితో కలవకముందే అడగాలి. పద్ధతి ప్రకారం రకం పేరును ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య రాస్తారు, దానివల్ల ఏది జాతి పేరో, ఏది రకం పేరో చూడగానే తెలుస్తుంది. రకం తెలియకపోతే ఊహించి రాయకండి, 'తెలియదు' అని రాసి కొన్న చోటు, నెల, సంవత్సరం వేయండి. కొమ్మలు నాటినప్పుడు తల్లి మొక్క నంబర్ వేయాలి. ఒకేసారి నాటిన మందారం కొమ్మలు ఆకులు చూసి విడదీయడం నా వల్లయితే కాదు. మా అత్తయ్యగారు మాత్రం దేవుడికి పూలు కోస్తూ కోస్తూ అన్నిటినీ గుర్తుపట్టేస్తారు, ఆవిడ దృష్టిలో ఈ రేకుల పనంతా వట్టి దండగ.

ఇంత సమాచారం ఒక్క రేకు మీద పట్టదు. రేకు మీద పేరు, నంబర్ ఉంచి మిగతాదంతా నోట్‌బుక్కులో ఆ నంబర్ కింద రాసుకోండి. పువ్వు విచ్చిన రోజున లేబుల్ కూడా కనబడేలా ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. మీ అరవై కుండీలకూ ఒకేసారి పని పెట్టుకోకుండా, ఇప్పుడు పూసి ఉన్నవాటితో మొదలుపెట్టండి. పూత లేనివాటికి నంబర్ ఒక్కటే కొట్టి ఉంచితే, పూసినప్పుడు పేరు రాసుకోవచ్చు.